దున్నపోతుకు చెప్పుకున్న మాట

ఎర్రవాగు పేరుకే వాగు. వానాకాలంలో ఎర్రనీళ్ళతో ఎగిరెగిరి పడుతుంది. ఆ తర్వాత అది వాగని గుర్తుపట్టడానికి ఇసుక ఒక్కటే మిగులుతుంది. శివరాత్రి దాటిందంటే ఆ చుట్టుపక్కల అడవిలో ప్రతి జీవికీ ఒకటే పని, ఇసుక తవ్వి చెలమ తీసుకోవడం. చెలమంటే బ్రహ్మవిద్యేం కాదు, ఇసుకలో తీసిన గుంట. అడుగున నీళ్ళు ఊరతాయి. కానీ రోహిణి కార్తె ఎండల్లో ఆ గుంటే ప్రాణం.

అడవిలో కాగితాలు లేవు, కరణాలు లేరు. అందుకని పూర్వం ఎవరో పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. మోదుగుపూలు రాలి నేల ఎర్రబడ్డాక ఒక సాయంత్రం జంతువులన్నీ వాగు ఒడ్డున పలుకుబండ దగ్గర చేరాలి. ఎవరి చెలమ గురించి వాళ్ళు బండెక్కి, సభకు ఎదురుగా నిలబడి, అందరికీ వినబడేలా చెప్పుకోవాలి. ఎక్కడుంది, ఎవరు తవ్వారు, ఎవరు తాగుతారు, అంతే. చెప్పుకున్నవాడికి ఆ ఎండాకాలం చెలమ దక్కుతుంది. వరసగా మూడు ఎండాకాలాలు చెప్పుకున్నవాడికి శాశ్వతంగా దక్కుతుంది. ఇక అడిగేవాడుండడు. నోరు విప్పనివాడి చెలమ మాత్రం ఉమ్మడి. ఉమ్మడి అంటే అడవిపందులదని అందరికీ తెలుసు.

అడగందే అమ్మైనా పెట్టదు కదా, కట్టుబాటులో తప్పేం లేదు. కాకపోతే బండెక్కేసరికి మాట రానివాళ్ళ సంగతి ఆ పెద్దలు ఆలోచించలేదు. వాళ్ళకు మాటలు బాగా వచ్చి ఉంటాయి.

అలా మాట రానివాళ్ళలో ముళ్ళపంది సూదమ్మ ఒకతె. తవ్వడంలో ఆమెకు సాటి లేదు. ఒడ్డునున్న ఏటిమద్ది చెట్టు వేళ్ళ కింద, నీడపట్టున, ఆమె తీసిన చెలమలో నీళ్ళు మండువేసవిలో కూడా చల్లగా, తియ్యగా ఉండేవి. మొగుడు వేటగాళ్ళ ఉచ్చులో పడి పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ నీళ్ళ మీదే సాకుతోంది. పొదల్లో ఇరుగుపొరుగుతో మాట్లాడేటప్పుడు ఆమె నోటికి అడ్డూ ఆపూ ఉండదు. బండ ఎక్కితే మాత్రం నోట్లో నాలుక ఉండదు.

మొగుడు పోయిన ఏడాది ఆమె మొదటిసారి బండెక్కింది. సభకు పెద్ద కొండముచ్చు తిరపయ్య.

"చెప్పమ్మా, యాడుంది నీ చెలమ?" అన్నాడు.

సూదమ్మ నోరు తెరిచింది. ఎదురుగా అన్నీ కళ్ళే. కుందేళ్ళ కళ్ళు, దుప్పుల కళ్ళు, అడవికోళ్ళ కళ్ళు, అడవిపందుల కళ్ళు, అన్నీ తననే చూస్తున్నాయి. వీపు మీద ముళ్ళు నిక్కబొడుచుకుని గలగలమని మోగాయి. ముళ్ళపందులకు ఒక పుట్టుగుణం ఉంది. భయం వేస్తే ఎదుటివాడికి వీపు చూపిస్తాయి. పులి ఎదురైనా అంతే, సభ ఎదురైనా అంతే. సూదమ్మకు తెలియకుండానే ఆమె కాళ్ళు గిర్రున తిరిగాయి. సభకు వీపు, కొండకు మొహం.

ముందు వరసలో కుందేళ్ళు ఆ ముళ్ళు చూసి పొదల్లో దూరాయి. అడవికోడి చుక్కమ్మ పకపకా నవ్వింది.

"ఏమే సూదమ్మా, చెలమ కొండమీద తవ్వావా?"

"ఇటు తిరిగి చెప్పు తల్లీ," అన్నాడు తిరపయ్య. "మొహం చూపించి చెప్తేనే లెక్క."

సూదమ్మ తిరగలేకపోయింది. బండ వెనకనుంచి జారి ఇసుకలో పడింది. పిల్లల ఎండిన మూతులు కళ్ళముందు కదిలి ఏడుపొచ్చింది.

నక్క పేరయ్య అక్కడే ఉన్నాడు. ఎవరు ఎక్కడ జారిపడతారో అక్కడ ముందుగా వెళ్ళి కూర్చోవడమే పేరయ్య బతుకుతెరువు.

"ఎందుకమ్మా నీకీ తిప్పలు?" అన్నాడు జాలిగా. "నీ మాట నా నోట్లో పెట్టు. నేను చెప్పి వస్తా."

"ఊరికే చెప్తావా మామా?"

"ఊరికే చేస్తే నీకే చిన్నతనం. రోజూ పొద్దున మొదటి గుక్క నాకియ్యి, చాలు. ఉడుము ఓబులు అంతే, చెవులపిల్లి చెంద్రమ్మ అంతే. అందరి మాటా నేనే గదా చెప్పేది!"

సూదమ్మ కళ్ళు తుడుచుకుని తలూపింది. పేరయ్య బండెక్కి గొంతు సవరించుకున్నాడు. "సూదమ్మ తరఫున మాట్లాడుతున్నా," అని మొదలుపెట్టి, ఆ చెలమ గురించి ఎంత బాగా చెప్పాడంటే, తన చెలమ అంత గొప్పదని సూదమ్మకే అప్పటిదాకా తెలియదు. మాటలు కోటలు దాటాయి. సభ తలలూపింది.

మరుసటి ఏడాదీ పేరయ్యే చెప్పాడు. ఈసారి సూదమ్మ సభ దగ్గరికి కూడా పోలేదు. దూరంగా ఈతపొద చాటున కూర్చుని, పని అయిందని ఎవరో చెప్పాక ఇంటికి పోయింది. పేరయ్య ఏం చెప్పాడో వినను కూడా వినలేదు. వినాల్సిన పనేముందనుకుంది. పిల్లలు తాగుతున్నారు, తనకు బండెక్కే బాధ తప్పింది. భయం తప్పించినవాడు దేవుడిలాగే కనిపిస్తాడు కొన్నాళ్ళు.

చలి ముదిరిన రోజుల్లో ఒక పొద్దున సూదమ్మకు ఉడుము ఓబులు కనిపించాడు. రాయిమీద ఎండకు పడుకుని, మూతి ముడుచుకుని ఉన్నాడు.

"ఏం ఓబులన్నా, అట్టా చిక్కిపోయావు?"

"నీళ్ళు లేకపోతే చిక్కరా?"

"నీ చెలమ ఏమైంది?"

"నాదెక్కడిది! మూడేళ్ళు బండెక్కి చెప్పిందెవరు? పేరయ్య. మూడేళ్ళు చెప్పినోడిదే చెలమ. కట్టుబాటే గదా అన్నాడు. పోయిన ఎండాకాలమంతా ఆళ్ళ ఇంటిల్లిపాదీ తాగి, మునిగి, తేలి పోయినాక ఆ బురదనీళ్ళు నేను తాగా."

"పెద్దాయనకు చెప్పుకోలేకపోయావా?"

"చెప్పా. బండెక్కి చెప్పుకోమన్నాడు." ఓబులు తోక విసిరాడు. "బండెక్కి చెప్పుకోగలిగితే ఈ పేరయ్యతో నాకేం పని? నాది ఉడుంపట్టని లోకమంతా అంటది. ఏం పట్టో ఏమో. నీకెన్నేళ్ళయింది ఆడు చెప్పబట్టి?"

సూదమ్మ మనసులో లెక్కపెట్టుకుంది. ఇప్పటికి రెండు ఎండాకాలాలు. వచ్చేదానితో మూడు.

కాపలా పెట్టుకున్న కంచే చేను మేస్తుంటే ఇక ఎవరితో చెప్పుకోవాలి? సూదమ్మ తిన్నగా పేరయ్య బొరియకు పోయింది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు, కానీ పేరయ్య ఎవర్నీ మొత్తడు. వాళ్ళ మంచికే అన్నట్టు మాట్లాడతాడు.

"మామా, ఈసారి నా మాట నేనే చెప్పుకుంటా," అంది.

పేరయ్య నవ్వాడు. "భేషుగ్గా చెప్పుకో. నాకు మాత్రం గొంతు నొప్పి తప్పుతుంది. అయితే అమ్మా, నీ మంచి కోరి అంటున్నా. మాట్లాడటం పుట్టుకతో రావాలి. నాకు ఈకలు లేవు, ఎగరలేను. ఎగరాలని చెట్టెక్కానా? నువ్వు బండమీద తిరిగిపోతివంటే చెలమ పందులపాలు. నా నోటి మీద ఉంటే కనీసం నీకు గుక్కెడన్నా దక్కుతుంది."

సూదమ్మ ఇంటికి వచ్చేసింది. పేరయ్య మాటలు సగం నమ్మింది కూడా. ఏళ్ళ తరబడి మాటలమ్మి బతికినవాడి మాట ఒక పూటలో చెరిగిపోదు. కానీ చిన్నపిల్ల నిద్రలో నాలుక చప్పరిస్తుంటే చూసి, పుట్టుకతో రాకపోతే ఇప్పుడు తెచ్చుకుంటా, అనుకుంది.

మరునాడు పొద్దున్నే చీమలపుట్ట ముందు నిలబడింది. గడగడా చెప్పేసింది. ముళ్ళు మోగలేదు, కాళ్ళు తిరగలేదు. ఓస్ ఇంతేనా అనుకుంది. కానీ పుట్టకు కళ్ళుంటాయా? పిల్లల ముందు చెప్పి చూసింది. సగంలోనే నిద్రపోయారు. దారిన పోయే దుప్పిని ఆపి, "ఒక మాట విను అక్కా," అంది. దుప్పి కళ్ళు పెద్దవి. అవి తనవైపు తిరగ్గానే గలగలమన్నాయి ముళ్ళు. దుప్పి ఒకే గెంతులో కనిపించకుండా పోయింది.

తన భయం మాటలతో కాదు, కళ్ళతో అని సూదమ్మకు అర్థమైంది. చూసే కళ్ళు కావాలి, కానీ పారిపోని కళ్ళు, నవ్వని కళ్ళు కావాలి. అలాంటివి ఎక్కడ దొరుకుతాయి?

వాగు అవతల ఊరి పశువులు మేతకొచ్చే బీడుంది. అక్కడ తుమ్మచెట్టు కింద రోజూ ఒక దున్నపోతు పడుకుని నెమరేస్తుంటుంది. పేరు గున్నయ్య. కొంగలు వీపెక్కినా, కాకులు చెవుల్లో అరిచినా, కాపరి కర్రతో పొడిచినా గున్నయ్యకు పట్టదు.

సూదమ్మ దూరంగా నిలబడి అడిగింది. "పెదనాన్నా, నీకో మాట చెప్పుకోనా?"

"చెప్పుకో."

"వింటావా?"

"వినను."

"మరి చెప్పుకోమన్నావు?"

"నువ్వు చెప్పుకోడానికి నేను వినాల్నా?" అన్నాడు గున్నయ్య, నెమరు మానకుండానే.

దున్నపోతు మీద వాన కురిసినట్టు అని లోకం ఎగతాళిగా అంటుంది. సూదమ్మకు కావలసింది సరిగ్గా అలాంటి దున్నపోతే.

మొదటిరోజు ఎదురుగా నిలబడి నోరు తెరిచింది. గున్నయ్య గుడ్లు ఒక్కొక్కటి నిమ్మకాయంత ఉన్నాయి. ముళ్ళు మోగాయి, కాళ్ళు తిరిగాయి. వీపు చూపించి నిలబడింది. గున్నయ్య పారిపోలేదు. నవ్వలేదు. తోకతో ఈగను కొట్టుకున్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు కాసేపటికి.

"మొదలే పెట్టలా పెదనాన్నా."

"సరే."

మరునాడూ అంతే. ఆ మరునాడు మద్దిచెట్టు అని ఒక్క ముక్క బయటికొచ్చింది. ఇంటికి పోయి పిల్లలతో ఆ ముక్క గురించి గొప్పగా చెప్పుకుంది. తర్వాత్తర్వాత ముక్క వాక్యమైంది. ఇలా చెప్పుకుంటూ పోతే కథ తేలిగ్గా ఉంటుంది గాని, ఆమె పడ్డ పాట్లు తేలిగ్గా లేవు. మొదట్లో ముళ్ళు మోగకుండా చూసుకోవాలని వీపు బిగబట్టేది. బిగబట్టిన కొద్దీ ఇంకా మోగేవి. ఒకరోజు విసుగొచ్చి, మోగితే మోగనీ అని ఊరుకుంది. మోగాయి, మోగాయి, ఆగాయి. ఆగాక చెప్పింది. కాళ్ళ సంగతీ అంతే. తిరక్కుండా ఆపడం ఆమె వల్ల కాలేదు. తిరిగినవాటిని మళ్ళీ తిప్పి మొహం ఇటు పెట్టడం మాత్రం వల్లయింది.

నడుమ చిన్నపిల్లకు ఒళ్ళు వెచ్చబడి కొన్నాళ్ళు బీడుకు పోలేకపోయింది. తిరిగి వెళ్ళి నిలబడితే మళ్ళీ మొదటికొచ్చింది వ్యవహారం. మద్దిచెట్టు అన్న ముక్క కూడా రాలేదు. ఇసుకలో చెలమ కూడా అంతే, నాలుగు రోజులు తవ్వకపోతే పూడిపోతుంది. ఆ తర్వాత సూదమ్మ ఒక్కరోజు కూడా మానలేదు. మంచు కురిసినా పోయింది, పిల్లల్ని వెంటబెట్టుకుని పోయింది.

గున్నయ్య ఆమెకు ఏ సాయమూ చేయలేదు. ఆమె మంచి పట్టులో ఉండగా లేచి నిలబడి ఒళ్ళు దులిపేవాడు. సగం మాటలో పేడ వేసేవాడు. ఒకోసారి నడిచి అవతలికి పోయేవాడు. సూదమ్మ వెంట నడుస్తూ చెప్పేది. కొన్నాళ్ళకు మిగతా గేదెలు వింత చూడ్డానికి చుట్టూ చేరాయి. వాటి మెడల్లో గంటలు, వీపుల మీద కొంగల తగాదాలు, ఆ గోలలో తన మాట తనకే వినపడేది కాదు. ఇంకొంచెం గొంతు పెంచి చెప్పేది.

మోదుగు మొగ్గ తొడిగిన రోజుల్లో, ఒక పొద్దున ఆమె చెబుతుండగా గున్నయ్య దవడలు ఆగిపోయాయి. సూదమ్మ కంగారుపడింది.

"ఏమైంది పెదనాన్నా, ఒంట్లో బాగా లేదా?"

"ఆ మద్దిచెట్టు కింద నీళ్ళు," అన్నాడు గున్నయ్య మెల్లగా, "నిజంగా అంత చల్లగుంటయ్యా?"

సూదమ్మ అవునని గబగబా తలూపింది. ఆమెకు అంత సంతోషం మొగుడు పోయాక మళ్ళీ అదే మొదలు.

ఈ సంగతి అడవిలో పాకింది. ముళ్ళపంది దున్నపోతుకు ఉపన్యాసాలిస్తోందట అని చుక్కమ్మ చెట్టుచెట్టుకీ చెప్పి నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందన్న సంగతి కోళ్ళకు తెలియకపోవచ్చు, నక్కకు తెలుసు. పేరయ్య నవ్వలేదు. సభకు ముందురోజు చుక్కమ్మను పిలిచి, "సూదమ్మ నోరు తెరవగానే గట్టిగా నవ్వు," అన్నాడు. అడవిపంది బండోడిని పిలిచి, "ఆమె మాటకు అడ్డంగా సభ మధ్యలోంచి నడువు," అన్నాడు. ముందు వరస కుందేళ్ళను పిలిచి, "ముళ్ళు మోగగానే అరుచుకుంటూ పరుగెత్తండి," అన్నాడు. మద్దిచెట్టు చెలమలో మొదటి గుక్క ఇస్తానని ముగ్గురికీ విడివిడిగా మాటిచ్చాడు. ఒకే గుక్కను ముగ్గురికివ్వడం పేరయ్యకు కష్టమేం కాదు.

మోదుగుపూలు రాలాయి. సభ కూడింది. కొన్ని చెలమల మాట తెమిలాక తిరపయ్య అడిగాడు. "ఏటిమద్ది కింద చెలమకు ఎవరు మాట్లాడతారు?"

"నేనే, అలవాటైన పనే గదా," అంటూ పేరయ్య లేచాడు.

"నేనున్నా," అంది సూదమ్మ. గొంతు కీచుగా వచ్చింది, కానీ వచ్చింది.

బండెక్కి నిలబడింది. ముందటేడాది చూసిన కళ్ళే అన్నీ. అన్నాళ్ళు నేర్చుకున్నదంతా ఆవిరైపోయినట్టు అనిపించింది. ముళ్ళు లేచి గలగలమన్నాయి. కుందేళ్ళు ఒప్పందం ప్రకారం కెవ్వుమని పరుగెత్తాయి. కాళ్ళు గిర్రున తిరిగి సభకు వీపు పెట్టాయి. చుక్కమ్మ నవ్వు కొండకు తగిలి తిరిగొచ్చింది. పేరయ్య తీరిగ్గా బండవైపు అడుగేశాడు.

సూదమ్మ మోగితే మోగనిచ్చింది. తర్వాత ఆ తిరిగిన కాళ్ళనే ఇంకాస్త తిప్పింది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మొహం మళ్ళీ సభవైపు ఉంది.

"ఏటిమద్ది వేళ్ళ కింద చెలమ నాది," అంది.

చుక్కమ్మ మళ్ళీ నవ్వింది. కొంగల తగాదాల ముందు ఆ నవ్వెంత? సూదమ్మ కాస్త గొంతు పెంచింది.

"తవ్వింది నేనూ, మా ఇంటాయనా. ఆయన పోయాడు. ఇప్పుడు ఏటా తవ్వేది నేనే."

బండోడు గుర్రుమంటూ లేచి ఆమెకూ సభకూ నడుమ అడ్డంగా నడిచాడు. సూదమ్మ అలవాటు కొద్దీ వాడి వెంట తల తిప్పుతూ వాడికే చెప్పింది.

"తాగేది నేనూ, నా ఇద్దరు బిడ్డలూ. దాహమని అడిగినోళ్ళకు కాదనను. అడక్కుండా తాగితే ఊరుకోను."

నడుస్తున్న బండోడు, తనకే చెబుతోందనుకుని ఆగి, "సరేనమ్మా," అన్నాడు. సభలో ఎవరో నవ్వారు. ఈసారి నవ్వు సూదమ్మ మీద కాదు.

"చక్కగా చెప్పావమ్మా," అన్నాడు తిరపయ్య.

"చాలా చక్కగా!" అన్నాడు పేరయ్య, అందరికన్నా ముందుగా. "నా కళ్ళు చెమర్చినయ్యి. అయితే పెద్దాయనా, మాట బాగుంటే సరిపోదు, కట్టుబాటుండాలి. ఈ చెలమ గురించి పోయిన రెండు ఎండాకాలాలూ చెప్పింది నేను. ఈ సాయంత్రమూ చెప్పడానికి లేచా. మూడుసార్లు చెప్పేవాడిదా, ఒక్కసారి చెప్పినామెదా?"

తిరపయ్య తల గోక్కున్నాడు. "పేరయ్య మాట తీసిపారేసేది కాదు," అన్నాడు చివరికి. సభలో గుసగుసలు లేచాయి.

ఈ మాటకు జవాబు సూదమ్మ నేర్చుకు రాలేదు. గున్నయ్య ఎప్పుడూ ఎదురుప్రశ్న వేయలేదు. ముళ్ళు మళ్ళీ లేచాయి. దిగిపోవాలనిపించింది. దిగితే పిల్లల నోళ్ళు ఎండుతాయి. అందుకని నిలబడి, ముళ్ళు ఆగేదాకా ఆగింది. ఆ ఆగిన కాసేపట్లో పేరయ్య మాటను మళ్ళీ ఒకసారి మనసులో అనుకుంది. అందులో ఏదో వదిలేశాడనిపించింది.

"పేరయ్య మామా," అంది. "ఆ రెండేళ్ళూ ఈ బండమీద నువ్వు ఎవరి తరఫున నిలబడ్డావు?"

పేరయ్య సభవైపు ఒకసారి చూశాడు.

నా తరఫునే అంటే చెలమ దక్కవచ్చు. కానీ ఇంకా బండెక్కనివాళ్ళు, ఆ సాయంత్రం పేరయ్య నోటినే నమ్ముకుని వచ్చినవాళ్ళు, చెవులపిల్లి చెంద్రమ్మ మొదలుకుని అందరూ చెవులు రిక్కించి ఉన్నారు. తమ తరఫున నిలబడతానన్నవాడు ఎవరి తరఫున నిలబడుతున్నాడో వాళ్ళకూ తెలియాలిగా. ఒక్క చెలమ కోసం అన్ని మొదటి గుక్కలూ పోగొట్టుకుంటాడా? పేరయ్య లెక్క వేసుకున్నాడు. ఎంత తెలివైనవాడికైనా అంతమంది చూస్తుండగా లెక్క సరిగా కుదరదు.

"నీ తరఫునే తల్లీ! ఇంకెవరి తరఫున?" అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని.

"అయితే ఆ రెండు మాటలూ నావే," అంది సూదమ్మ. "ఇవాళ్టిది మూడోది. పెద్దాయనా, ఇక ఈ చెలమ మాట అయిపోయినట్టేనా?"

"అయిపోయింది," అన్నాడు తిరపయ్య. "శాశ్వతంగా నీదే."

అంతటితో ఊరుకుంటే పేరయ్యకు కాస్త మర్యాద మిగిలేది. కానీ బండోడు మనసులో మాట దాచుకోలేడు. "మరి మాకిస్తానన్న మొదటి గుక్క?" అన్నాడు.

"నీకెందుకిస్తాడు? నాకన్నాడు!" అంది చుక్కమ్మ.

"మాకన్నాడు!" అన్నాయి పొదల్లోంచి కుందేళ్ళు.

సభంతా ఒక్కసారిగా పేరయ్యవైపు తిరిగింది. ఆ గోలలో ఉడుము ఓబులు ఎప్పుడు బండెక్కాడో ఎవరూ చూడలేదు. నాలుక బయటికి లోపలికి ఆడుతోంది. బండను మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. "నా... నా చెలమ... ఎవరి తరఫున చెప్పావు పేరయ్యా?" అని ఒక్క ముక్క అడిగి, కళ్ళు మూసుకున్నాడు. సూదమ్మకు ఇప్పుడే అందరిముందూ ఇచ్చిన జవాబును పేరయ్య ఓబులుకు మార్చి చెప్పలేడు కదా. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఓబులు చెలమ ఓబులుకు వచ్చింది. అది చూసి మిగతావాళ్ళూ ఎలాగో తమ మాట తామే చెప్పుకున్నారు.

ఆ ఏడు పేరయ్యకు ఏ చెలమలోనూ గుక్క దక్కలేదు. తవ్వుకుందామంటే గోళ్ళు ఎన్నడూ ఇసుక ఎరగవు. రోహిణి కార్తె వచ్చింది. బండలు పెనాల్లా కాలాయి. ఒక సాయంత్రం పేరయ్య నాలుక బయట వేలాడేసుకుని మద్దిచెట్టు దగ్గరికి వచ్చాడు.

"ఒక్క గుక్క పొయ్యమ్మా. చచ్చిపోయేటట్టున్నా."

సూదమ్మకు జాలేసింది. కోపమూ పోలేదు. "అడిగినోళ్ళకు కాదనని అందరిముందూ చెప్పా మామా. ఇస్తా. నువ్వూ అందరిముందే అడుగు. నా నీళ్ళు ఇంతకాలం చాటుమాటునే పోయాయి."

అదేం పెద్ద పని అనుకున్నాడు పేరయ్య. అడవిలో సగం మంది మాట చెప్పినవాడు. చల్లబడ్డాక అందరూ నీళ్ళకు దిగే వేళ చూసి బండెక్కాడు. తిరపయ్యతో సహా అందరూ తలలెత్తి చూశారు. పేరయ్య గొంతు సవరించుకున్నాడు.

"సభవారికి మనవి. పేరయ్య అనే ఒక పెద్దమనిషికి, పాపం, చాలా దాహంగా ఉంది..."

"ఎవరి తరఫున చెప్తున్నావు పేరయ్యా?" అన్నాడు తిరపయ్య.

పేరయ్య నోరు తెరుచుకునే ఉంది. నాకు అన్న మాట కోసం వెతుకుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆ బండమీద ఆ మాట ఒక్కసారీ అనలేదు. ఎదురుగా ఉన్నవన్నీ కళ్ళేనని అతనికి అప్పుడు తెలిసింది.

"నా... తరఫునే," అన్నాడు.

ముందు వరస కుందేళ్ళకు తప్ప ఎవరికీ వినబడలేదు.

"వినబళ్ళా," అన్నాడు తిరపయ్య. "మళ్ళీ చెప్పు."

ఇందులో తెలుసుకోవలసింది ఇంతే: రోజూ పలికించిన నోరే అవసరానికి పలుకుతుంది, అరువు తెచ్చుకున్న నోరు ఎవరి పేరు పలుకుతుందో చెప్పలేం.